శనివారపు చొక్కా

కథానాయకుడు కథానాయిక చేతిలోని గొడుగు అందుకోబోతుండగా పాలు పొంగాయి. నవలమ్మ కలానికి మూత పెట్టకుండానే లేచి, వంటింట్లోకి వెళ్లి స్టౌ కట్టేసింది. గట్టు మీద పారిన పాలు గుడ్డతో తుడిచి, గుడ్డ పిండి ఆరేసి, మళ్లీ వచ్చి బల్ల ముందు కూర్చుంది. గొడుగు ఇంకా ఇద్దరి చేతుల మధ్యే ఉంది. వాన కూడా ఆగలేదు. కానీ వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏం చెప్పుకోవాలో ఆమెకు ఈ ఉదయం తోచడం లేదు.

వీధిలో అందరూ ఆమెను నవలమ్మ అంటారు. జుట్టు సగానికి పైగా నెరిసింది. కలం ఒత్తుకుని కుడిచేతి మధ్యవేలు పక్కన చిన్న కాయ కాసింది. నడుము నొప్పి వల్ల ఎక్కడ కూర్చున్నా వెనక దిండు ఉండాల్సిందే. వయసులో ఉన్నప్పటి నుంచీ ప్రేమ నవలలు రాస్తోంది గాని, పెళ్లి చేసుకోలేదు.

కొత్త నవల అద్దె పుస్తకాల షాపుకు వచ్చి వారమైంది. ఇదివరకు పుస్తకం వస్తే ఎవరైనా చదివారేమోనని ముఖాలు వెతుక్కునేది. ఈసారి ఎవరూ చదవకుండా ఉంటే బాగుండుననిపిస్తోంది. పాలవాడు గిన్నెలో పాలు పోస్తూ నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచించింది. ఎదురింటావిడ కిటికీ రెక్క మూసుకుంటే తనను చూసే మూసిందేమోనని చాలాసేపు ఆ రెక్క వైపే చూసింది.

"అమ్మాయ్, పాలు పొంగించావా?" వదిన లోపలి నుంచి అడిగింది. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. నవలమ్మకు అరవై దగ్గర పడుతున్నా వదినకు ఇంకా అమ్మాయే.

"కొంచెం పొంగాయి వదినా."

"వాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకునే లోపల మనకి కాఫీ అందుతుందా, వాళ్ల పెళ్లయ్యాకేనా?"

కాఫీ తాగుతూ వదిన ప్రతి పుస్తకానికీ అడిగే ప్రశ్నే మళ్లీ అడిగింది. "నిజం చెప్పు. ఇవన్నీ నీకెలా తెలుసు?"

"ఏవి?"

"అవే. మీ అన్నయ్యతో అన్నేళ్లు కాపురం చేశాను. నాకే తెలియవు."

ఎప్పుడూ ఇద్దరూ నవ్వుకునే మాటే. ఈరోజు మాత్రం వదిన కూడా ఏదో చదివి, తెలిసే అడుగుతోందేమోననిపించి నవలమ్మ కప్పు తీసుకుని లేచింది.

చిత్తుకాగితాలు సంచిలో సర్దుకుంది. ఒకవైపు రాసి, కొట్టేసిన కాగితాలు. వాటిని శనివారం టైలరమ్మకు ఇవ్వడం అలవాటు. టైలరమ్మ దుకాణం వీధి చివర ఒకే ఒక గది. వెలుతురు కోసం మిషను గుమ్మం పక్కనే పెట్టుకుంది. నవలమ్మ ఇచ్చిన కాగితాలను గౌన్లకు, చొక్కాలకు కొలతల ప్రకారం కత్తిరించి మేకుకు తగిలిస్తుంది. ఒక చెయ్యి ముక్క మీద 'అతని కళ్లలోకి' అని మొదలైన వాక్యం చంక దగ్గర తెగిపోయింది. ఒక కాలరు నిండా ఎవరిదో నిట్టూర్పు ఉంది. ఇద్దరూ చాలాసార్లు దానికి నవ్వుకున్నారు.

ఎప్పుడూ సాయంత్రం వెళ్లేది, ఈ శనివారం ఉదయమే వెళ్లేసరికి టైలరమ్మ ఇస్త్రీ చేస్తోంది. బల్ల మీద నీలం గళ్ల మగచొక్కా. ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు. ఆ చొక్కా లోపలి కడ్డీకి చివర, గుండీలన్నీ పెట్టుకుని వేలాడుతూ ఉండటం నవలమ్మ ఎప్పటి నుంచో చూస్తోంది. ఎవరో కుట్టించుకుని మర్చిపోయారనుకునేది. ఇవాళ దగ్గరగా చూసింది. మడతల దగ్గర నూలు చిట్లింది, రంగు వెలిసింది. ఎవరూ వేసుకోని చొక్కా ఇస్త్రీకే అరిగిపోతోంది.

"కాగితాలు తెచ్చాను."

"అక్కడ పెట్టండక్కా." టైలరమ్మ తలెత్తలేదు. చొక్కా చెయ్యి తిప్పి వేసి, "కొత్త పుస్తకం వచ్చిందంట కదా?" అంది.

"వచ్చింది."

"అందులో... చివర్లో ఏమైనా తీసేశారా అక్కా?"

"లేదు. నువ్వు కూటంలో ప్రార్థన చేసేనాటికే అది ప్రెస్‌కి వెళ్లిపోయింది."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. గుడ్డ మాడిన వాసన వచ్చాక గాని టైలరమ్మ దాన్ని పైకెత్తలేదు.

క్రితం వానాకాలం వరకు టైలరమ్మ చర్చిలో జరిగే స్త్రీల కూటంలో తల వంచుకుని కూర్చుని, అందరితో పాటు ఆమేన్ అనడం తప్ప నోరు విప్పి ఎరగదు. భర్త ఏ మాటా చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్లాడని అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ఆరోజు ఆమె వంతు వచ్చినప్పుడు ఉన్నట్టుండి గొంతు విప్పింది. "ప్రభువా, ఆయన రాడని నాకు తెలుసు. అయినా శనివారం శనివారం ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తాను. చేతులు మర్చిపోతే మనసు కూడా మర్చిపోతుందేమోనని భయం." గదిలో అందరూ ఏడ్చారు. నవలమ్మ మాత్రం కళ్లు తెరిచింది. ప్రభువా అన్న ఒక్క పిలుపు తప్ప ఆ మాటలన్నీ ఆమె రాసినవే. ఇప్పుడు షాపుకు వచ్చిన నవల చివర్లో కథానాయిక తన చెల్లెలితో అంటుంది. సిరా ఒలికిందని నవలమ్మ ఆ పేజీ తిరగరాసి, పాడైనది టైలరమ్మకు ఇచ్చింది.

మొదట నవలమ్మకు దొంగతనం అనిపించింది. ఇంటికొచ్చాక కూడా కోపం తగ్గలేదు. తర్వాత అనుమానం పట్టుకుంది. ఆ మనిషి నిజంగా చొక్కా ఇస్త్రీ చేస్తుందా, లేక ఏడుపు కూడా నా పుస్తకంలోదేనా? ఆ అనుమానం ఇన్నాళ్లూ ఆమెతోనే ఉంది. ఇవాళ బల్ల మీద చొక్కా చూసేదాకా.

మధ్యాహ్నం వదినతో కలిసి కూటానికి వెళ్లింది. చర్చి పక్కగదిలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒకచోట టక్కుమంటుంది. నవలమ్మ తన దిండు కుర్చీకి ఆనించి కూర్చుంది. మిగిలిన గౌను ముక్కలన్నీ కలిపి టైలరమ్మే కుట్టిచ్చిన దిండు అది.

చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని వచ్చిన కూటం. ఒంటరిగా ప్రార్థించడం నవలమ్మకు చేతకాదు. పగలంతా ఇద్దరి మాటలూ తనే రాసి రాసి, మోకరించినప్పుడు దేవుడి జవాబు కూడా తనే అల్లుతున్నాననిపిస్తుంది. పదిమంది మధ్య కూర్చుని, ఒకరి మొర ఒకరు వింటున్నప్పుడే పైన ఎవరో వింటున్నారని నమ్మగలుగుతుంది. ఆమెకున్న విశ్వాసమంతా ఆ కుర్చీల మధ్యే ఉంది.

ఈరోజు పాట ఎవరూ ఎత్తుకోలేదు. రిటైరైన నర్సమ్మ సంచిలోంచి న్యూస్‌పేపర్ అట్ట వేసిన పుస్తకం తీసింది.

"నేనివి చదవనని మీకందరికీ తెలుసు. మనవరాలి చేతిలో ఉంటే లాక్కున్నాను."

"లాక్కుని ఎంతదాకా చదివావు?" వదిన అడిగింది.

"చివరిదాకా. పిల్లకివ్వొచ్చో లేదో చూడొద్దూ?" అంటూ నర్సమ్మ ఆ పేజీ చదివింది. చొక్కా, శనివారం, చేతులు, మనసు.

ఫ్యాను టక్కుమంది. అన్ని తలలూ ముందు టైలరమ్మ వైపు, తర్వాత నవలమ్మ వైపు తిరిగాయి.

"అయితే నా కోడలి గొడవ కూడా ఎక్కడో రాసే ఉంటుంది" అంది ఒకావిడ.

"నీ కోడలి గొడవ నవల రాస్తే ఎవరు చదువుతారు? మేం వినలేకే చస్తున్నాం" అంది వదిన. "మా అమ్మాయికి ఎవరి ఏడుపులో ఎత్తుకొచ్చి రాసుకునే ఖర్మ పట్టలేదు."

పాస్టరు భార్య, అందరూ పాస్టరమ్మ అనే ఆమె, చెయ్యెత్తి ఆపింది. ఆవిడ గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "తప్పుగా అనుకోకండక్కా. ఇక్కడ విన్నది ప్రభువు పాదాల దగ్గరే వదిలిపెట్టాలని మనమంతా అనుకున్నాం. ఇక మీ ముందు మనసు విప్పడానికి వీళ్లు భయపడతారు కదా?" టైలరమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, ఆ మాటలు నువ్వు ఇంకెక్కడైనా అన్నావా?"

టైలరమ్మ తన సంచి అంచున లేచిన పోగు లాగుతోంది. లాగేకొద్దీ అది పొడవవుతోంది. లేదన్నట్టు తల ఊపింది. అది అబద్ధం కాదు.

నవలమ్మ ఒక్క మాట చెబితే చాలు. మేకుకు వేలాడే ఆ కాగితపు చేతులు, కాలర్లు చూపిస్తే చాలు. తన కుర్చీ తనకు ఉంటుంది. కానీ ఆ తర్వాత ఈ మనిషి ఎప్పుడు నోరు తెరిచినా, ఏ పుస్తకంలోదో అని వీళ్లు చెవులు రిక్కిస్తారు. ఉదయం చూసిన చొక్కా మడతలు గుర్తొచ్చాయి. తను రాసింది ఊహించి. ఆ చొక్కా అరిగింది మాత్రం ఆమె చేతుల కింద.

"ఆ మాటలు ఈమెవే" అంది నవలమ్మ.

టైలరమ్మ తలెత్తింది. పోగు తెగింది.

"అంటే ఒప్పుకున్నట్టే కదా" అంది నర్సమ్మ. అంతకన్నా స్పష్టంగా పాస్టరమ్మ చూపు నేల మీదకు దిగింది.

నవలమ్మ నెమ్మదిగా, నడుము పట్టుకుని లేచింది. "మీరు కానివ్వండి" అని, కుర్చీల మధ్య నుంచి ఎవరి కాళ్లకూ తగలకుండా గుమ్మం దాకా నడిచింది.

"ఆగమ్మాయ్, చెప్పులు వేసుకోనీ" అంటూ వదిన వెనకే వచ్చింది. మెట్ల మీద ఆమె చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది. "నాతో చెప్పు. నిజంగానే తీసుకున్నావా?"

నవలమ్మ వదిన ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నారు. ఇక ఇంట్లో కాఫీ దగ్గర కూడా ఆ ప్రశ్న నవ్వు తెప్పించదు.

"పద వదినా" అంది.

గోడ పక్కగా నడుస్తుంటే కిటికీలోంచి పాస్టరమ్మ గొంతు వినిపించింది. ప్రార్థన మొదలైంది. వంతు టైలరమ్మదని పిలుస్తున్నారు. తర్వాత "ప్రభువా" అన్న ఒక్క పిలుపు మాత్రం వచ్చి ఆగిపోయింది.

"దిండు మర్చిపోయావు. ఉండు, తెస్తాను" అంది వదిన.

"వద్దు. ఉండనీ."

కిటికీ ఊచల వెనక, గుండ్రటి వరుసలో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. దానికి ఆనించిన గౌను ముక్కల దిండు మీద, ఆమె వీపు ఒత్తుకున్న గుంట ఇంకా పైకి లేవలేదు.