నలభై దాసాని మొక్కలు

బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా పక్కన పెట్టుకుంది గంగాదేవి. అది 2003 వేసవి. గార్లదిన్నె పక్కనున్న ఆ పల్లెలో బోర్లు ఎండిపోయి మూడో ఏడు. ట్యాంకరు దినం మార్చి దినం వస్తుంది. వచ్చినప్పుడు ఇంటికి ఎనిమిది బిందెలు. మోసేది ఆమె ఒక్కతే. మొగుడు లక్ష్మన్న స్నానానికి, అత్త ఓబుళమ్మ పూజకు, వంటకు, బర్రెకు పోగా మిగిలిన నాలుగు చెంబులతో ఆమె ఒళ్లు తడుపుకునేది. ఆ నీళ్లను కూడా తొట్టిలో పట్టి, పెరట్లో కానుగ నీడన ఉన్న దాసాని మొక్కలకు పోసేది.

"మనుషులకే నీళ్లు ల్యాకపాయ, పూలచెట్లకు పోస్తాండాది మహారాణి" అనేది ఓబుళమ్మ. తెల్లారగానే పెద్ద దాసాని చెట్టుకు పూసిన మందారాలన్నీ కోసుకుని దేవుడి పటాలకు పెట్టుకునేదీ ఆవిడే.

ఆ చెట్టు కొమ్మలు కోసి నాటడం పక్కింటి దాదాబీ నేర్పింది. "మరీ లేతది వద్దమ్మా, ముదురుదీ వద్దు. పెన్సిలంత లావు చాలు. ఏటవాలుగా కొయ్యి" అంటూ చేయి పట్టి కోయించింది. ఇసుక, ఎర్రమట్టి, చివికిన పేడ ఎరువు కలిపి పాలకవర్లలో నింపి గంగాదేవి అరవై కొమ్మలు గుచ్చింది. ఇరవై వాడిపోయాయి. మిగిలినవి చిగురేశాయి. చిగురేస్తే బతికినట్టు కాదని కూడా దాదాబీయే చెప్పింది. కొమ్మలో ఉన్న పసరుతోనే నాలుగాకులు వస్తాయట, వేరు దిగిందో లేదో మెల్లగా లాగి చూడాలట. ఒకరోజు లాగి చూస్తే కొమ్మ కదల్లేదు. మట్టిని గట్టిగా పట్టుకుంది. గంగాదేవి అక్కడే కూలబడిపోయింది. కాపురానికొచ్చిన పద్దెనిమిదేళ్లుగా వండింది వండినట్టే అయిపోయింది, తోమిన గిన్నె పూటకే మళ్లీ మాసింది, విత్తిన వేరుశనగ బుడ్డలు మూడేళ్లూ మన్నుపాలయ్యాయి. తన చేత్తో చేసింది ఒకటి ఇలా నిలబడి, లాగినా రానంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మొక్కలు జానెడు ఎత్తు పెరిగాక ఒక పొద్దున సంగటి తింటూ లక్ష్మన్న అన్నాడు: "శ్రీరంగప్పన్న కొత్త మిద్దె చుట్టూ పూలచెట్లు పెట్టాలంట. మా ఇంట్లో నలభై ఉండాయి, నేనే పెంచినా అని చెప్పినా. రేపు ట్రాక్టరు తెస్తా."

ఆ 'నేనే' అన్న మాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అయినా వేరే మాటే అడిగింది. "ఆయప్ప మిద్దెకు ఇంకా మనుషులే రాలేదు. నీళ్లెవరు పోస్తారు?"

"పోస్తే పోస్తారు, ల్యాకుంటే ఎండిపోతాయి. పుల్లలే కదా!"

మరునాడు ట్యాంకరు వచ్చింది. గంగాదేవి బిందెలతో పాటు ఒక గంప నెత్తిన పెట్టుకుని వెళ్లింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్లకు తలా ఒక మొక్క ఇచ్చింది. గంప ఖాళీ అయితే ఇంటికెళ్లి మళ్లీ నింపుకొచ్చింది.

"రోజూ రెండు చెంబులు చాలు. బియ్యం కడిగిన నీళ్లయినా సరే, సబ్బు నీళ్లు మాత్రం వద్దు. ఆకు కింద తెల్లగా పిండిపురుగు పడితే బూడిద చల్లండి."

"మా ఇంట్లో గొణుగుతారేమోనక్కా" అంది కుళ్లాయప్ప కోడలు.

"గొణుగుతారు. నువ్వు పోస్తా ఉండు."

మధ్యాహ్నానికి ట్రాక్టరు వాకిట్లో ఆగింది. లక్ష్మన్న పెరట్లోకి వెళ్లి, కానుగ కింద వరసగా మిగిలిన తడి గుర్తులు చూసి తిరిగొచ్చాడు.

"మొక్కలేవే?"

"ఇచ్చేసినా. ఊళ్లో నలభై ఇండ్లల్లో ఉండాయి."

డ్రైవరు తల తిప్పుకున్నాడు. ఓబుళమ్మ గడపలోకొచ్చి కొడుకు వైపు, కోడలి వైపు చూసింది.

"ఎవర్ని అడిగి ఇచ్చినావు?" లక్ష్మన్న గొంతు లేచింది.

గంగాదేవి చేతులకంటిన ఎర్రమట్టిని నింపాదిగా దులుపుకుంది.

"నన్ను నేనే అడిగినా."