మందు కుప్ప, మంట కుప్ప

ఎడమచేత్తో గుప్పెడు కానుగ గింజలు తీసుకుని, కుడిచేతి బొటనవేలితో ఒక్కొక్కటీ దొర్లించి చూస్తోంది జల్లెడక్క. నున్నగా ఉన్న గింజ కుడివైపు మందు కుప్పలోకి. బూజు పట్టినదీ, పురుగు తొలిచినదీ ఎడమవైపు మంట కుప్పలోకి. మందు కుప్ప నూనె గజ్జికీ తామరకూ పూసుకునే సీసాల్లోకి పోతుంది. మంట కుప్పది ఇంజన్లలోకి పోతుంది. ఈ నూనె గానుగ షెడ్డు వ్యాను నడిచేదీ దానితోనే, దాన్ని నడిపేది జల్లెడక్క కొడుకే.

ఆమె కళ్లుగప్పి ఒక్క పుచ్చు గింజ కూడా దాటిపోదని షెడ్డువాళ్లు పెట్టిన పేరు అది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదు. పెళ్లయిన కొత్తలో ఈ కిటికీ పక్కన కూర్చుంది. మొగుడు పోయాక కూడా ఇక్కడే కూర్చుంది. పిల్లాణ్ణి పెంచిందీ ఇక్కడి కూలితోనే.

"పనికిరాని గింజంటూ లేదే. అలాంటివాళ్లు మనుషుల్లోనే ఉంటారు" అని మేస్త్రీ వైపు చూసి నవ్వుతుంది. మేస్త్రీ విననట్టు పోతాడు.

ఈమధ్య ఆ కళ్లకే మసక కమ్మింది. నరం ఎండిపోతోంది, ఆపరేషనుకు లొంగదు అన్నాడు డాక్టరు. ఆ మాట ఆమె గుట్టుగా దాచుకుంది. కళ్లు పోతే పోనీ, వేళ్లున్నాయి కదా అని ధీమా. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, ఆమె కోడలు అత్త పక్కన కూర్చుని కూడా ఆ పేరు తెచ్చుకుంది. బస్తాలు కుట్టే పని ఆ పిల్లది, అదీ పని ఉన్న రోజుల్లోనే.

మంచినీళ్లకని లేచిన జల్లెడక్క, చెంబు మరిచిపోయి సగం దారిలోనే వెనక్కి తిరిగింది. కోడలు గబుక్కున ఒడి మూసుకుంది.

"ఒడిలో ఏంటే?"

"ఏం లేదత్తయ్యా."

జల్లెడక్క చెయ్యి పెట్టి చూసింది. వేలికి తొర్రలు తగిలాయి. మరో గింజ, మరో తొర్ర.

"నేను మందు కుప్పలో వేసినవేనా?"

కోడలు తల వంచుకుంది.

"ఎన్నాళ్లబట్టి ఏరుతున్నావు?"

"కొత్త కాపు వచ్చినప్పట్నుంచి. భయపడకండి, ఒక్కటి కూడా గానుగ దాకా పోనివ్వలేదు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మానేస్తారు. మీరు ఇంట్లో ఊరికే కూర్చుంటే నేను చూడలేను."

సిగ్గుతో జల్లెడక్కకు తల కొట్టేసినట్టయింది. పుండు మీద పూసుకునే నూనె అది. పుచ్చు గింజ కలిస్తే ఆ పుండు ఏమవుతుంది? ఆ వెంటనే కోపం వచ్చింది. కోడలి మీద కాదు, తన ధీమా మీద. కాసేపటికి అదీ చల్లారి నవ్వొచ్చింది.

"జల్లెడకే జల్లెడవయ్యావు కదే!"

భోజనాలయ్యాక ఆమె కుప్పల జోలికి పోలేదు. చేటలో కాసిని గింజలు పోయించుకుంది. ఒక్కో గింజనూ రెండు పక్కలా తడిమింది, గోటితో అంచు గీకింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. అనుమానం వస్తే అవతల పడేసింది.

"ఏంటక్కా, ఇవాళ గింజలకు జోల పాడుతున్నావా?" అన్నాడు మేస్త్రీ.

"ఇదే నా ఆఖరి చేట. రేపట్నుంచి ఈ చోటు మా కోడలిది. పని ఉంటే రమ్మనడం కాదు, రోజూ ఇదే చోటు."

"అదేంటక్కా! నీలా ఎవరు ఏరుతారు?"

"కొత్త కాపు వచ్చినప్పట్నుంచి మందు కుప్ప ఏరింది అదే. నా కళ్లు పోయాయి" అంది జల్లెడక్క, షెడ్డంతా వినేలా. "నోరు పోలేదు. ఆ పిల్లను కాదన్నావంటే వచ్చి తలుపు దగ్గర కూర్చుంటా."

మేస్త్రీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. సాయంత్రం వ్యాను హారను మోగింది. జల్లెడక్క చీర దులుపుకుని లేచింది. కోడలి భుజం మీద చెయ్యేసి గుమ్మం దాకా నడిచింది, అక్కడ ఆ చెయ్యి తీసేసి, వెనక్కి చూడకుండా కొడుకు పక్కన ఎక్కి కూర్చుంది.

మిగిలిన బస్తాలు కుట్టేసి కోడలు కిటికీ దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ అత్త చేటను ఒళ్లోకి తీసుకుని వెతికింది. నమ్మలేక మళ్లీ మొదట్నుంచీ వెతికింది. ఒక్క పుచ్చు లేదు. మందు కుప్పలో పొయ్యడానికి లేచింది గానీ చేతులు రాలేదు. ఆ పూటకు చేట కిటికీ కిందే ఉండిపోయింది, చారెడు గింజలతో.