సిద్దికా కాగితం

బ్రాడీపేటలో రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న మా ఆఫీసులో పనిచేసేది నలుగురం. పాత జమీందారీ దివాణాల మీద వ్యాసాలు తయారుచేసి వెబ్‌సైటులో పెడతాం. రాసేది మిగతా ముగ్గురు, దిద్దేది నేను. శివరామకృష్ణ అన్న నా పేరెత్తితే వాళ్ళకి గిట్టదు. కారణం నేను కూర్చుని రాసిన నియమావళి. అందులో ఏడో నియమం పాత పత్రాల గురించి. వ్యాసంలో ఏ పత్రాన్నయినా దాని మీద సంతకం చేసినవారి పేరుతోనే పిలవాలి, పక్కన సంవత్సరం వేయాలి. ఊళ్ళో జనం పిలుచుకునే పేర్లు పనికిరావు. వాటిని రానిస్తే ఒక్కో కాగితానికి నాలుగు పేర్లు తేలతాయి, చదివేవాడికి తల తిరుగుతుంది.

పర్చూరు దగ్గర చినమల్లవరంలో ఉన్న దివాణం మీద ఆ ముగ్గురిలో ఒకరైన రిహానా వ్యాసం రాసింది. ఆ అమ్మాయిది ఆ ఊరే. దివాణం గోడలకు గచ్చు పూసిన సిద్దికా అనే ఆవిడకు ఏటా సున్నం వేసే పని అప్పగిస్తూ, ఇంటిస్థలం ఇస్తూ 1841లో రాసిన పత్రం ప్రస్తావన ఆ వ్యాసంలో ఉంది. రిహానా దాన్ని ‘సిద్దికా కాగితం’ అంది. నేను కొట్టేసి ‘రాజావారి స్థలదాన పత్రం, 1841’ అని మార్చాను. నిడివి ఎక్కువైందని సిద్దికా గురించిన రెండు వాక్యాలు కూడా తీసేశాను. వ్యాసం సైటులోకి ఎక్కింది.

మర్నాడు రిహానా నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“ఆ కాగితం మా వీధిలో జైనాబీ నాయనమ్మ దాచిందండి. సిద్దికా వంశంలో మిగిలింది ఆవిడొక్కతే. ఫొటో తీసుకోనిచ్చేటప్పుడు ఒకటే అడిగింది, సిద్దికా పేరు వెయ్యమని. నేను మాటిచ్చాను సార్.”

“మాట నువ్విచ్చావు. నియమావళి ఇవ్వలేదు.”

“నిన్న వ్యాసమంతా చదివి వినిపించాను. విని, ‘మా సిద్దికా ఏదమ్మా?’ అంది. ఏం చెప్పమంటారు?”

నాకు ఒళ్ళు మండింది. “సంతకం రాజుదైతే పేరూ రాజుదే.”

“మీరు ఫొటో చూశారా సార్?”

చూడలేదు. నా పని అక్షరాలతో. రిహానా ఫోను నా ముందు పెట్టింది. పత్రం పైన గుమాస్తా వేసిన దివాణం ముద్ర ఉంది. రాజావారి సంతకం ఎక్కడా లేదు. కింద మాత్రం వంకరటింకరగా గీసిన తాపీ బొమ్మ, పక్కన ‘సిద్దికా నిశాని’ అన్న మాట. చదువు రానివాళ్ళు తమ పనిముట్టు బొమ్మ గీస్తే అదే వాళ్ళ సంతకం. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకుని బతుకుతున్నవాణ్ణి, ఆ పూట నిజంగా సిగ్గుపడ్డాను.

పేరు మార్చాను, తీసేసిన వాక్యాలు మళ్ళీ పెట్టాను. ఆదివారం ఆ వ్యాసం ప్రింటు తీసుకుని రిహానాతో పాటు చినమల్లవరం బస్సెక్కాను.

ఎనభై దాటిన జైనాబీ అరుగు మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. చేతులు ఘాటుగా ఉన్నాయని ప్రింటు ముట్టుకోలేదు.

“ఏడుందయ్యా మా సిద్దికా?”

చూపించాను. మూడు చోట్ల ఉంది. చదవడం రాకపోయినా మూడింటినీ చాలాసేపు చూసింది. తర్వాత చేతులు కడుక్కుని లోపలికెళ్ళి, గుడ్డలో చుట్టిన అసలు కాగితాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“ఇంక మీరే తీసుకుపోండి. పేరు ఎక్కిందిగా. దీన్ని కాపాడలేక చస్తన్నా. నా తరవాత చూసేవాళ్ళు లేరు.”

అన్నేళ్ళ కాగితం ఒళ్ళో ఉంటే నాకు భయమేసింది. ఉగాది దాటాక సైటు నడపలేనని మా యజమాని అప్పటికే చెప్పేశాడు. ఆవిడతో అబద్ధం చెబుదామనే అనుకున్నాను, నోరు రాలేదు.

“వద్దమ్మా, మీ దగ్గరే ఉంచండి. ఇంకో రెండు నెలల్లో, ఉగాదికి, మా సైటు మూసేస్తున్నారు.”

“మూస్తే ఆ పేరు?”

“అదీ పోతుంది.”

జైనాబీ కాగితం వెనక్కి తీసుకుంది. కోప్పడలేదు. నన్ను చూసి జాలిపడిందనుకుంటాను.

“రెండు నెల్లు ఉండేదానికా అయ్యా, మా సిద్దికాని తీసేసింది?”