తోడికోడలి ముక్కు

రోసాండాకు ముక్కు పట్టేసి చాలా ఏళ్లయింది. మొదట జలుబన్నారు, తర్వాత సైనస్ అన్నారు. చివరికి లెస్కోవాత్స్ ఆసుపత్రిలో డాక్టరు లోపల కండలు పెరిగాయనీ, మందులకు లొంగవనీ, ఆపరేషన్ చెయ్యాల్సిందేననీ తేల్చాడు. వంతు వచ్చేదాకా ఆగమన్నారు. ఇంట్లో ఆమె జబ్బుకో గౌరవం ఉండేది. నుదురు పగిలిపోతున్న రోజుల్లో అత్త స్తోయాంకా తనే పొయ్యి దగ్గర నిలబడి, "దాన్ని పడుకోనివ్వండిరా" అని కొడుకులను కసిరేది.

అంతలో అదే ఇంట్లో ఉండే తోడికోడలు తియానాకు కూడా ఆ జబ్బే పట్టుకుంది.

"నన్ను చూసి నేర్చుకున్నట్టుంది," అంది రోసాండా భర్తతో.

"ముక్కు దిబ్బడ కూడా చూసి నేర్చుకుంటారా?" అని అతను నవ్వాడు.

వేసవి చివర తియానా ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. చీము కంటి వైపు పాకుతోందని ఆమెకు వెంటనే ఆపరేషన్ చేశారు. ఆమెను ఆసుపత్రికి తీసుకుని కారు వెళ్తుంటే రోసాండా గుమ్మంలో నిలబడి చూసింది. తోడికోడలి కన్ను ఏమవుతుందోనన్న భయం కలగలేదు. తన వంతును ఎవరో లాక్కుపోయినట్టు అనిపించింది.

తియానా కన్ను దక్కింది. కొన్నాళ్లకు పెరట్లో పచ్చడి కోసం ఎర్ర మిరపకాయలు కాలుస్తుంటే ఆమె ఉన్నచోటే ఆగిపోయి ఏడ్చేసింది.

"అత్తయ్యా, నాకు వాసన తెలుస్తోంది."

స్తోయాంకా ఆమెను గుండెలకు హత్తుకుంది. ఆ రోజు నుంచి పెద్ద బాండీ దగ్గర గరిటె తియానాదే. పాలు విరిగేలా ఉన్నాయని ఆమే చెప్పేది, పక్కింట్లో ఏం వండుతున్నారో ఆమే చెప్పేది. "మా ఇంటి ముక్కు" అని అత్త మురిసిపోయేది. రోసాండా తన నోటికి అట్టముక్కలా ఉన్న రొట్టె నములుతూ వినేది.

"ఇక దొంగల్ని పట్టడానికి పోలీసులు నీకోసమే వస్తారు," అంది ఒకసారి.

తియానా పగలబడి నవ్వింది. ఉడుక్కుని ఉంటే రోసాండాకు కాస్త ప్రాణం కుదుటపడేది.

చలికాలంలో రోసాండా వంతు వచ్చింది. ఆపరేషన్ అయి ముక్కులో కుక్కిన గుడ్డలు తీసేశాక, ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన తియానా కాఫీ కప్పు తెచ్చి ఆమె ముఖం దగ్గర పట్టుకుంది.

"ఏమైనా తెలుస్తోందా అక్కా?"

పలచగా, ఎక్కడో దూరాన ఉన్నట్టు, కాఫీ వాసన తెలిసింది.

"లేదు," అంది రోసాండా. ఆ సంతోషాన్ని తియానా చేతి నుంచి అందుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఇంటికి వచ్చాక అందరి ముందూ, "ఇవాళే తెలిసింది," అని చెప్పింది. "మంచిది," అంది అత్త ఉల్లిపాయలు తరుగుతూ. అంతే.

మరుసటి శరదృతువులో మళ్లీ మిరపకాయలు కాల్చి పచ్చడి ఉడికిస్తున్నారు. పెరటి అవతల బట్టలు ఆరేస్తున్న రోసాండాకు మాడు వాసన తగిలింది. బాండీ దగ్గర తియానా తాపీగా గరిటె తిప్పుతోంది. రోసాండాకు విషయం అర్థమైంది. కోరుకున్నది జరిగినట్టు ఒళ్లంతా తేలికైంది. చేతిలోని దుప్పటిని నిదానంగా ఆరేసి, అప్పుడు వెళ్లి గరిటె లాక్కుంది.

"అడుగంటింది. నీకు తెలియడం లేదా?"

తియానా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మళ్లీ పెరిగాయక్కా. ఇంకోసారి కొయ్యాలట. అత్తయ్యకి చెప్పకు."

"అత్తయ్యా," అని రోసాండా గట్టిగా పిలిచింది, "తియానాకి మళ్లీ ముక్కు పట్టేసిందట."

స్తోయాంకా పరుగులాంటి నడకతో వచ్చింది. పచ్చడి వైపు చూడనైనా లేదు. తియానా చేతులు తన ఏప్రన్‌తో తుడిచి, "నాకెందుకు చెప్పలేదే పిచ్చిదానా, పద, పడుకుందువుగాని," అంటూ లోపలికి తీసుకెళ్లింది.

మాడు వాసన కొడుతున్న బాండీ ముందు రోసాండా ఒక్కతే మిగిలింది. వాసన చూసి చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. ఎక్కడా నొప్పి లేదు.