పట్టు, ఊపిరి, లేపు

ఇళ్ళు మారేవాళ్ళ సామాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చే చిన్న కంపెనీ అది. ఒక లారీ, ఒక డ్రైవరు, ముగ్గురు మోతగాళ్ళు, పెట్టెలు కట్టడానికి ఒక ఆడమనిషి, వీళ్ళందరి మీదా ఒక మేస్త్రీ. అందరికీ చేతినిండా పని. మేస్త్రీకి మాత్రం ఏ పనీ లేదని అందరి నమ్మకం.

మేస్త్రీ సోఫా ముట్టుకోడు, మంచం ముట్టుకోడు, చివరికి దిండు కూడా ముట్టుకోడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడి, "పట్టు... ఊపిరి... లేపు" అంటాడు. లేపు అన్న మాట వినపడగానే అందరూ ఒక్కసారిగా లేపుతారు, దించు అనేదాకా దించరు. ఈ నాలుగు ముక్కలు అనడానికి ఓ మనిషికి జీతం ఎందుకని కొత్తగా చేరిన ప్రతివాడూ కొన్నాళ్ళు గొణుక్కుంటాడు. ముసలాయన నడుము ఎప్పుడో పోయింది, అందుకే చెయ్యి పెట్టడు అని పాతవాళ్ళు సర్దిచెబుతారు. ఆయన అవునని ఎప్పుడూ అనలేదు, కాదనీ అనలేదు. ఆయనతో ఇంకో మాట పలికించడం ఎవరి తరమూ కాదు.

పెట్టెలు కట్టే ఆవిణ్ణి అందరూ అద్దాలక్క అంటారు. ఆమె చుట్టి కట్టిన గాజు సామాను పగిలిందన్న మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. కానీ ఆమె చేసేది అదొక్కటేనా? ఏ గది ముందు ఖాళీ చెయ్యాలి, లారీలో ఏది అడుగున వెయ్యాలి, ఏ ఇంటావిడ ఏ పెట్టె కట్టేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, ఆ కాసేపూ మోతగాళ్ళను ఏ వంకన బయటికి పంపాలి, అన్నీ ఆమే చూసుకునేది. "అక్కా, ఇదెక్కడ పెట్టమంటావ్?" అని రోజంతా ఆమె వెంటే తిరిగేవాళ్ళు. ఆమె చెప్పినట్టే చేసి, సాయంత్రం అయ్యేసరికి మేస్త్రీ భలే చేయించాడయ్యా అనుకునేవాళ్ళు. అది విని అద్దాలక్క పైకి నవ్వేసేది. లోపల మాత్రం ఒళ్ళు మండేది.

ఆ నెలాఖరుకు మేస్త్రీ పని మానేస్తున్నాడు. తర్వాత ఎవరిని పెట్టమంటావని యజమాని అడిగితే, ఆయన గడ్డం అద్దాలక్క వైపు తిప్పి ఊరుకున్నాడు. యజమాని బుర్ర గోక్కున్నాడు. అద్దాలక్క అంటే ఆయనకు గౌరవమే. అయితే ఆమె నోటి మాటకు మగాళ్ళు బీరువాలు లేపుతారా అన్నది ఆయన బెంగ.

"చూడమ్మా, దర్జీ ఆవిడ కొట్టు మారుస్తోంది. ఆ పని నువ్వు చేయించు. అందులో ఒక అద్దాల బీరువా ఉంది, మూడో అంతస్తు. అది క్షేమంగా దిగిందంటే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు.

అద్దాలక్కకు ఆ ఉద్యోగం కావాలి. మొహమాటం పక్కన పెట్టి చెప్పాలంటే, చాలా కావాలి. జీతం పెరిగితే చేదా ఎవరికైనా? కానీ అంతకన్నా, ఇన్నేళ్ళుగా తను నడుపుతున్న పనిని తనే నడుపుతున్నదని నలుగురూ ఒప్పుకుంటే వినాలని ఆమె ఆశ.

మోతగాళ్ళలో అందరికన్నా భారీ మనిషిని కొండ అంటారు. మనసు వెన్న, నోరు మాత్రం బండ. టీ తాగుతూ అతనే తేల్చేశాడు.

"అక్కా, నువ్వు మేస్త్రీవైతే మాకేం బాధ లేదు. కానీ ముసలాయన ఒకప్పుడు మాలాగే మోసినవాడు. నువ్వెప్పుడైనా ఒక మూల పట్టావా? బరువంటే ఏంటో తెలీనివాళ్ళు లేపమంటే చేతులు లేవవక్కా. ఉన్నమాట చెప్తున్నా, ఏమనుకోకు."

"పడతానులే. నాకు చేతుల్లేవా?" అంది అద్దాలక్క.

ఆ మర్నాటి నుంచి పట్టింది. మంచాలు పట్టింది, సోఫాలు పట్టింది, ఫ్రిజ్ కింద భుజం పెట్టింది. మేస్త్రీ చూసి మొహం తిప్పుకున్నాడు. కొండ మాత్రం "పర్లేదక్కా, గట్టిదానివే" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కోసం ఆమె ఇంకాస్త బరువు వైపుకు జరిగింది.

ఇంటికొచ్చేసరికి చెయ్యెత్తి జడ విప్పుకోలేకపోయేది. అత్తగారు బామ్ సీసా పట్టుకుని కూర్చునేది. ఆ అత్తగారు మోకాళ్ళు అరిగిపోయి ఎక్కడికీ కదలలేదు. వంటింటి గుమ్మం పక్కన ఒక వాలుకుర్చీ వేయించుకుంది. అక్కడి నుంచి చూస్తే ఇటు పొయ్యి, అటు వీధి తలుపు, మధ్యలో మనవరాలు చదువుకునే బల్ల, మూడూ కనపడతాయి. ఇంటి పెత్తనం మొత్తం ఆ కుర్చీలోంచే.

"నాకు తెలీక అడుగుతాను, నువ్వు మేస్త్రీవి అవుతున్నావా, గాడిదవి అవుతున్నావా?" అంది అత్తగారు, కోడలి భుజం రుద్దుతూ.

"వాళ్ళకి నా మీద నమ్మకం కుదరాలి కదా అత్తయ్యా."

"నమ్మకం వీపు మీద కుదురుతుందటే? నేనీ కుర్చీలో కూర్చున్నాక ఒక్క గిన్నె ముట్టుకున్నానా? మరి ఈ ఇంట్లో ఒక్క పూటైనా పని ఆగిందా? ఒరేయ్, పాలు." ఆఖరి మాట పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతున్న కొడుక్కి. అతను చటుక్కున పొయ్యి ఆపాడు. గిన్నె అంచుదాకా వచ్చిన పాలు మెల్లగా దిగాయి. "పొయ్యి ముందు నేను నిలబడ్డ రోజుల్లో రోజూ పొంగేవి. పొయ్యంతా పాలే. ఇప్పుడు చూడు, చుక్క పోదు."

"ఆ గొప్ప నీది కాదమ్మా, ఆపింది నేను" అన్నాడు కొడుకు.

"ఆపమన్నదెవర్రా?"

అద్దాలక్క భుజం నొప్పి మర్చిపోయి నవ్వింది. నవ్వి, ఆ మాట అక్కడే వదిలేసింది.

దర్జీ ఆవిడ కొట్టు మార్చే రోజు వచ్చింది. మూడో అంతస్తు గదిలో మొదలుపెట్టిన కుట్టుపని పెరిగి పెద్దదై, ఇప్పుడు పక్క వీధిలో రోడ్డు మీదికే కొట్టు తీసుకుంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది కానీ కళ్ళు మాత్రం బీరువా మీదే ఉన్నాయి. పాతకాలపు బరువైన చెక్క. తలుపు నిండా ఒకే నిలువుటద్దం. కొత్త బట్టలు తొడుక్కున్న వాళ్ళంతా ఆ అద్దం ముందే ఒకసారి గిర్రున తిరిగి వెళ్ళేవాళ్ళట. తలుపు ఊడదీద్దామంటే మరలు తుప్పుపట్టి చెక్కలో కలిసిపోయాయి.

"ఇది పగిలిందంటే నా చెయ్యి విరిగినట్టే" అంది ఆవిడ.

"అలా ఎందుకవుతుంది" అని అద్దాలక్క దానికి అట్టలు కట్టి, వాటి మీద పూలపూల బొంతలు చుట్టి, తాళ్ళు బిగించింది. ఆ పనిలో ఆమెకు తిరుగులేదు.

మేస్త్రీ వచ్చాడు. మెట్లను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. ఒక్క మాటా చెప్పకుండా దిగివెళ్ళి లారీ వెనక చెక్క మీద కూర్చున్నాడు. యజమాని కూడా హెల్మెట్ చేతిలో పట్టుకుని కింద వాకిట్లో నిలబడ్డాడు. బీరువా వాళ్ళ కళ్ళ ముందుకు ఎలా వస్తుందన్న దాని మీదే అంతా ఉంది.

మామూలుగా నాలుగో మూల డ్రైవరు పట్టేవాడు. ఇప్పుడు అద్దాలక్క పట్టింది కాబట్టి అతను కింది మెట్ల దగ్గర హాయిగా గోడకానుకున్నాడు. కింది వైపు కొండ, అద్దాలక్క. పై వైపు మిగతా ఇద్దరు.

"పట్టు... ఊపిరి... లేపు" అంది అద్దాలక్క. బరువు కింద గొంతు నలిగి వచ్చింది కానీ బీరువా లేచింది. మొదటి వరస మెట్లు బాగానే దిగారు. మలుపు దగ్గర అసలు కథ మొదలైంది. ఆమె మొహం బొంతకు అదుముకుపోయింది. ఆ బొంత మీది పువ్వు ఒక్కటి తప్ప ఆమెకు ప్రపంచంలో ఇంకేమీ కనపడటం లేదు.

"ఎడమకి" అంది.

పైవాళ్ళ మొహాలు ఇటు, కిందివాళ్ళ మొహాలు అటు. ఎవరి ఎడమకి వాళ్ళు తిప్పారు. బీరువా ఒక పక్కకి ఒరిగింది, దాని మూల గోడను గీరుకుని సున్నం రాలింది. బొంతల లోపల ఎక్కడో అద్దం కిర్రుమంది. పైనుంచి దర్జీ ఆవిడ "అయ్యో" అన్నది అందరికీ వినపడింది.

"దించు, దించు."

మలుపు మీద దించారు. అద్దాలక్క గోడకు చేరగిలబడింది. అయిపోయింది, ఉద్యోగం గంగలో కలిసింది అనుకుంది. బొంత పక్కనుంచి వేళ్ళు దూర్చి అద్దాన్ని తడిమి చూసింది. పగుళ్ళేమీ తగల్లేదు. ఇంకా పగల్లేదు, అంతే. ఇలాగే దింపితే వచ్చే మలుపులో పగులుతుంది.

అప్పుడు ఆమెకు అత్తగారి కుర్చీ గుర్తొచ్చింది, ఆ వెంటనే మేస్త్రీ గుర్తొచ్చాడు. ఆయన నడుముకు ఏ రోగమూ లేదు. బరువు కింద దూరినవాడికి బొంత తప్ప ఏమీ కనపడదు కనక ఆయన దూరడు. ఇన్నేళ్ళూ ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నది అందరి కాళ్ళూ చూడటానికి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి తను ఇన్ని రోజులు భుజాలు అరగదీసుకుంది. ఆమెకు తన మీద తనకే నవ్వొచ్చింది.

"డ్రైవరు తమ్ముడూ, వచ్చి నా మూల పట్టుకో" అంది.

"ఏంటక్కా, చేతులు పడిపోయాయా?" అన్నాడు కొండ. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"పడిపోయాయి. కానీ అందుకు కాదు. కింద దూరితే నాకు మీరు కనపడట్లేదు. మిమ్మల్ని చూసేవాళ్ళు ఒకళ్ళు బయట ఉండాలి."

నాలుగు మెట్లు దిగి, బీరువాకు ఎదురుగా నిలబడింది. చేతులు ఏం చెయ్యాలో తోచక వెనక్కి కట్టుకుంది.

"పట్టు... ఊపిరి... లేపు."

ఎవరూ లేపలేదు. పైవాళ్ళు కొండ వైపు చూశారు. కొండ పైవాళ్ళ వైపు చూశాడు. అద్దాలక్కకు అరిచి చెప్పాలనిపించింది, బతిమాలాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. తను బయటికొచ్చింది దేనికో అదే చేసింది. అందరి కాళ్ళ వైపూ చూసింది.

"కొండా, నీ కుడి చెప్పు పట్టీ తెగింది. దాంతో మెట్టు దిగావంటే బీరువా నీ మీదే ఉంటుంది. విడిచెయ్ నాన్నా."

కొండ బీరువా పక్కనుంచి తల వంచి చూసుకున్నాడు. పట్టీ ఒక్క పోగు మీద వేలాడుతోంది. చాలాసేపటి నుంచి అలాగే ఉండి ఉంటుంది, బరువు పట్టుకున్నవాడికి పాదాలెక్కడ కనపడతాయి? రెండు చెప్పులూ విడిచి మూలకు నెట్టాడు. వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. తర్వాత అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ అంచు పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పక్కా."

"పట్టు... ఊపిరి... లేపు."

నలుగురివీ ఒకే ఊపిరి అన్నట్టు బీరువా లేచింది. ఇక ఆమె ఎడమా కుడీ అనలేదు. "కిటికీ వైపుకి... ఇంకాస్త... ఇప్పుడు గోడ వైపుకి" అంటూ వెనకడుగులతో మెట్లు దిగింది. పైవాళ్ళలో ఒకడి మోచెయ్యి వణకడం చూసి, అతను అడగకముందే దించమంది. వాళ్ళు దించారు, ఊపిరి పీల్చుకున్నారు, లేపమంటే లేపారు. చివరి వరస మెట్ల మీద ఆమెకు భయం పోయి సంతోషం మొదలైంది. ఇది నాకు వచ్చు, ఎప్పటినుంచో వచ్చు అనుకుంది.

బీరువా వాకిట్లోకి వచ్చింది. గోడకు గీసుకున్న మూల తప్ప ఇంకో గీత లేదు. యజమాని ఏదో అనబోతే మేస్త్రీ దగ్గి, లారీ వైపు చెయ్యి చూపించాడు, ఇంకా సగం పనే అయిందన్నట్టు.

కొత్త కొట్టు ముందు కొన్ని మెట్లున్నాయి. బీరువాను లారీలోంచి దించి మెట్ల ముందు పెట్టారో లేదో, వెనక కార్లు ఆగిపోయి హారన్ల మోత మొదలైంది. డ్రైవరు లారీ తియ్యడానికి పరిగెత్తాడు. ముగ్గురు మూడు మూలల దగ్గర నిలబడ్డారు. నాలుగో మూల ఖాళీ. అద్దాలక్క ఎవరిని పిలవాలా అని చుట్టూ చూసేలోగా మేస్త్రీ వచ్చాడు. చొక్కా చేతులు మడిచాడు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుండగా వంగి నాలుగో మూల పట్టుకుని, తలెత్తి అద్దాలక్క వైపు చూశాడు. ఆమె పిలుపు కోసం.

ఆమె ముందు ఆయన కాళ్ళు చూసింది.

"బాబాయ్, ఎడం కాలు కాస్త వెనక్కి. ఆఁ. పట్టు... ఊపిరి... లేపు."

బీరువా మెట్లెక్కి, గుమ్మం దాటి, దర్జీ ఆవిడ చూపించిన గోడకు చేరింది. తాళ్ళు విప్పి బొంతలు తీశారు. అద్దానికి ఏమీ కాలేదు. దర్జీ ఆవిడ దాని ముందు తనే ఒకసారి గిర్రున తిరిగి చూసుకుంది.

మేస్త్రీ మొహం తుడుచుకుంటూ అద్దాలక్క దగ్గరకొచ్చాడు. ఎప్పుడూ అనని మాటలు అన్నాడు.

"బరువు కింద నాకేం కనపళ్ళేదమ్మాయ్. నువ్వు చెప్పిన చోట కాలు పెట్టానంతే. భయం వెయ్యలేదు."

అద్దాలక్క ఏడ్చేసింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. అంత సంతోషంగా ఉంది ఆమెకు. యజమాని అటూ ఇటూ చూసి, హెల్మెట్ తలకు తగిలించుకుని, "అయితే ఒకటో తారీఖు నుంచి పెట్టెలు కట్టడానికి ఇంకో మనిషిని వెతకాలన్నమాట" అంటూ వెళ్ళిపోయాడు.

"అక్కా, కుట్టుమిషన్ మిగిలింది" అని లారీ దగ్గర్నుంచి కొండ కేకేశాడు. వట్టికాళ్ళతో దాని పక్కన నిలబడి, చేతులు వేసి, లేపకుండా ఎదురుచూస్తున్నాడు. అది అతను ఒంటిచేత్తో మోసుకుపోగలడు. అద్దాలక్క కళ్ళు తుడుచుకుని, నాలుగడుగుల దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుంది.