ఏడో మెట్టు మీద బీరువా

మా నాన్న వడ్రంగి. నేనూ వడ్రంగినే. మా ఇంట్లో చెక్క ముట్టనిది చెల్లెలొక్కతే. అది ఫోటో స్టూడియోలో పనికి చేరింది. గుర్తింపు కార్డుల కోసం వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కొంచెం పైకెత్తమని చెప్పడం దాని పని. ఆ స్టూడియో కెమెరానే ఆదివారాలు అడిగి తెచ్చుకుని, మూడేళ్లు పట్టి ఒక సినిమా తీసింది. గంటా నలభై నిమిషాల బొమ్మ. అంతా నవ్వులే. కథ మాదే. మేం ఇల్లు మారిన రోజు కథ.

ఆ రోజు సంగతి ముందు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నాన్న దగ్గర మూడడుగుల కొలబద్ద ఒకటుంది. నేను పుట్టకముందే జిగురు కాచే పొయ్యిలో దాని చివర కాలి, వేలి మందాన పోయింది. ఆయన దాన్ని పారేయలేదు. మూడడుగులనే లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. మంచాలు, బల్లలు, పెట్టెలు అన్నీ ఆ బద్దతోనే చేశాడు కాబట్టి మా ఇంట్లో ఏ వస్తువు పక్కన ఏ వస్తువు పెట్టినా అతికినట్టు ఉండేది. బయటి సామాను వచ్చినప్పుడే తేడా తెలిసేది. అప్పుడు కూడా ఆయన బయటి సామాను వంకే అనుమానంగా చూసేవాడు.

నాకు చేతికి పని వచ్చాక ఒక ఇనప టేపు కొని ఆయన చేతిలో పెట్టాను. ఒక్కసారి నా మాట విని దీంతో కొలవమని ఏడాది పాటు ప్రాణం తీశాను. చివరికి విన్నాడు. అయితే విన్నది సగమే. కొత్త ఇంటి మెట్ల దారి వెడల్పు పాత బద్దతో కొలుచుకొచ్చాడు. ఆ మెట్ల మీదుగా పైకెక్కాల్సిన బీరువాను కొత్త టేపుతో చేశాడు. బద్ద మూడడుగులంది. ఆయన అర అంగుళం తగ్గించి బీరువా చేశాడు. బద్ద చెప్పే మూడడుగుల్లో ముప్పాతిక అంగుళం ఎప్పుడో పొయ్యిలో కాలిపోయిందన్న సంగతి ఆ పూట మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

బీరువాను పడుకోబెట్టి మోస్తే కీళ్లు సడలుతాయని ఆయన ఒప్పుకోలేదు. నిలబెట్టే ఎక్కించాం. ఏడో మెట్టు మీద రెండు గోడల మధ్య బిగుసుకుంది. ఇక పైకి రాదు, కిందికి రాదు. అమ్మ, తొమ్మిదేళ్ల చెల్లెలు, స్టవ్వు, గిన్నెలు పైన ఉండిపోయాయి. నాన్న, నేను, మేనమామ, బియ్యం, అగ్గిపెట్టె కింద ఉండిపోయాం. వీధిలో పరుపులు. పదకొండింటికి వాన. బియ్యం సంచీని కిటికీకి తాడు కట్టి పైకి లాగబోతే అది మధ్యలో విప్పుకుని బండివాడి నెత్తిన పోసింది. సాయంత్రానికి నాన్న బీరువా వెనక చెక్క ఊడదీశాడు. అప్పట్నుంచి పైకి వెళ్లాలంటే బీరువా తలుపు తెరిచి, అందులో దూరి, అవతలికి రావాలి. పదకొండు రోజులు అలాగే తిరిగాం. ఇంటి ఓనరు తిట్టడానికి వచ్చి, బీరువాలోంచి తల బయటపెట్టి తిట్టాడు.

రంపంతో ఒక పక్క కాస్త కోస్తే పోయేదానికి నాన్న బీరువా మీద రంపం పెట్టలేదు. చివరికి ఉలి తీసుకుని గోడ గీకాడు. తప్పు నాది అని ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు.

సినిమాలో నాన్న వేషం నాన్నే వేశాడు. వేస్తానన్న మనిషికి చిత్రిక పట్టడం రాక, వాడు పట్టే తీరు చూడలేక నాన్నే లేచి వెళ్లి నిలబడ్డాడు. మేం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాం కాబట్టి అదే మెట్ల మీదికి అదే బీరువాను మళ్లీ దించాం. గోడ గీకేసి ఉంది కదా, ఈసారి అది బిగుసుకోలేదు. గుడ్డలు కుక్కి బిగించాల్సి వచ్చింది.

సినిమా వెయ్యడానికి ఒప్పుకున్నది ఒక్కటే హాలు. ఆ హాలు యజమానిని అందరూ ఇంటర్వెల్ అంటారు. విశ్రాంతి వేళ తినుబండారాల కొట్టు దగ్గర తప్ప మనిషి ఇంకెక్కడా కనబడడు. ఆయన పద్ధతి ఆయనది. శుక్ర, శని, ఆదివారాలు బొమ్మ వేస్తాడు. బయటికొచ్చే దారిలో టికెట్లమ్మే ఆవిడ పొడుగు నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంటుంది. రాయగలిగినవాళ్లు అభిప్రాయం రాస్తారు, రాయలేనివాళ్లు చెబితే ఆవిడ రాసుకుంటుంది. ఆ బుక్కు చదివి, బొమ్మ ఉంచేదీ పీకేదీ ఆయన తేలుస్తాడు.

శుక్రవారం ఆటల అభిప్రాయాలు చెల్లెలు ఒక కాగితం మీద ఎక్కించుకొచ్చి అన్నాల దగ్గర చదివింది. కడుపు పట్టుకుని నవ్వానని, ఇంటికెళ్లాక ఆ పైన ఉండిపోయిన ఇల్లాలు గుర్తొచ్చి మనసు పాడైందని మంగలి రాశాడు. ఓనరు తల బయటపెట్టిన చోటే టికెట్టు డబ్బు గిట్టుబాటైపోయిందని బస్సు కండక్టరు రాశాడు. కాలిపోయిన బద్దతో కొలిచే వడ్రంగి భూమ్మీద ఉండడని, ఇలాంటి అబద్ధాలు తీయకూడదని ఒకాయన ఘాటుగా రాశాడు. బీరువా బాగా నటించిందని ఎవరో పిల్ల రాసింది. బళ్లో చెప్పే టీచరమ్మ ఒక పేజీ నింపి, కన్నతండ్రే తప్పు ఒప్పుకోకపోతే పిల్లలు ఏం నేర్చుకుంటారని అడిగింది. గోడ చేసిన పాపమేంటని ఒక తాపీమేస్త్రీ అడిగాడు.

నాన్న అంతా విని ఒకే మాట అడిగాడు.

"ఎవరా మేస్త్రీ?"

శనివారం మధ్యాహ్నం ఇంటర్వెల్ చెల్లెల్ని పిలిపించాడు. అది తిరిగొచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. అమ్మ కడిగి బోర్లించిన గిన్నెల్నే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. అమ్మ దాని చేతిలోంచి గిన్నె లాక్కుంది. అప్పుడు చెప్పింది.

బుక్కులో తొంభై మంది రాస్తే అరవై మందికి పైగా రాసింది ఒకటేనట. సినిమా నవ్వించింది గానీ, చివర్లో ఆ పెద్దమనిషి తప్పు నాదే అని ఒక్క మాట అని ఉంటే హాయిగా ఇంటికెళ్లేవాళ్లమని. ఆ ఒక్క మాట రేపటిలోగా తీసి అతికిస్తే రెండు వారాలు ఆడిస్తానని ఇంటర్వెల్ అన్నాడట. లేదంటే సోమవారం వేరే బొమ్మ.

మూడేళ్ల ఆదివారాలు ఆ ఒక్క మాట మీద ఆగాయి.

టేపు కొనిచ్చింది నేనే కాబట్టి ఆ మాట నేనంటానని అన్నాను.

"నువ్వంటే ఎవరికి కావాలన్నయ్యా. వాళ్లకు నాన్న కావాలి," అంది చెల్లెలు.

"ఆయనా! ముప్పయ్యేళ్లుగా నేనే వినలేదు. టికెట్టు కొన్నవాళ్లకు వినిపిస్తాడా?" అంది అమ్మ.

నాన్న అరుగు మీద రంపానికి ఆకురాయి పెడుతున్నాడు. మా మాటలన్నీ ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి. పళ్లు చివరిదాకా అరగదీసి, రంపాన్ని గోడకానించి లేచాడు. ముఖం కడుక్కున్నాడు. లోపలికెళ్లి సినిమాలో వేసుకున్న చారల చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఎక్కడ నిలబడాలమ్మడూ?"

అమ్మ గిన్నె కింద పెట్టేసింది.

చెల్లెలు స్టూడియోకు వెళ్లి, ఆదివారం అడిగే కెమెరాను ఒక రోజు ముందే అడిగి తెచ్చింది. ఆయన ఏడో మెట్టెక్కి గోడ పక్కన నిలబడ్డాడు. తన ఉలి గాట్లు పడిన గోడే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందు కట్టుకున్నాడు, విప్పాడు, జేబులు వెతికాడు, చొక్కాకు జేబులు లేవు. పెదాలు కదుపుతున్నాడు. ఆ రెండు ముక్కలూ లోపల చెప్పుకుని చూసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. మా నాన్న ఎంత బరువు మోసినా మెడ వంచగా నేను చూడలేదు. ఇప్పుడు గడ్డం కిందికి దించుకుని, ఎప్పుడంటే అప్పుడు అంటానన్నట్టు నిలబడ్డాడు.

చెల్లెలు కెమెరాలోంచి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దాని మూత పెట్టేసింది.

"వద్దు నాన్నా."

"ఏం, సరిగ్గా నిలబడలేదా?"

"బాగానే నిలబడ్డావు. దిగు."

"వాడు సినిమా పీకేస్తాడన్నావు కదా."

"పీకనీ. ఆ రోజు నువ్వు ఆ మాట అనలేదు. పైమెట్టు మీద కూర్చుని పొద్దస్తమానం నిన్ను చూసినదాన్ని, నాకు తెలీదా? అనని మాట నీ నోట పెట్టి నేను హాలు సంపాదించుకోవాలా?"

"నీ కోసం అంటానంటున్నాగా."

"నువ్వు అంటావు. నేను తియ్యను."

ఆయన ఇంకో నిమిషం అక్కడే నిలబడ్డాడు. తర్వాత దిగొచ్చి, చొక్కా విప్పి, మడిచి, దాని చేతికిచ్చి మళ్లీ రంపం దగ్గరికి వెళ్లాడు. అప్పటికే పదును పెట్టిన పళ్లకే మళ్లీ ఆకురాయి పట్టాడు. ఆ రోజు మా ఇంట్లో చేసిన పనే మళ్లీ చెయ్యనివాళ్లం అమ్మా నేనే.

ఆదివారం మధ్యాహ్నం ఆటకు నలుగురం వెళ్లాం. హాలు సగం నిండింది. విశ్రాంతి వేళ ఇంటర్వెల్ నోటుబుక్కు చంకలో పెట్టుకుని కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ముక్క తెచ్చావా అని చెల్లెల్ని అడిగాడు. తేలేదని, తీయలేదని, తీయనని అది చెప్పింది. ఆయనకు కోపం రాలేదు. నిజంగానే బాధపడ్డాడు. చూసేవాళ్లు దేవుళ్లమ్మా, వాళ్లు అడిగింది ఇవ్వాలమ్మా అని నచ్చజెప్పాడు.

"దేవుళ్లకు ఒక వడ్రంగి క్షమాపణతో ఏం పనండీ?" అంది మా చెల్లెలు.

కొట్టులో వేయించిన గింజలు పొట్లం కడుతున్నవాడు కిసుక్కుమన్నాడు. ఇంటర్వెల్ వాడి వంక చూసి, రేపట్నుంచి ఫైటింగు బొమ్మ వేస్తున్నానని చెప్పి, బుక్కు తీసుకుని వెళ్లిపోయాడు.

రెండో సగం మొదలైంది. చివర్లో నాన్న గోడ గీకే చోటు ఒకటుంది. చెల్లెలు అక్కడ మాటలేం పెట్టలేదు. ఉలి చప్పుడు, సున్నం రాలడం, బీరువాలో నిలబడి చూస్తున్న ఇంట్లోవాళ్లు, అంతే. నిమిషం పైనే ఉంటుంది. బుక్కులో రాసినవాళ్లంతా ఆ మాట కోసం ఎదురుచూసింది అక్కడే. ఆ వేళ కూడా జనం కుర్చీల్లో కదిలారు. వెనకనుంచి ఎవరో గట్టిగానే అన్నాడు.

"ఒప్పుకోవయ్యా పెద్దమనిషీ, నీ సొమ్మేం పోయింది!"

మూడో వరసలోంచి నాన్న లేచి నిలబడ్డాడు. అమ్మ చొక్కా పట్టుకుంది గానీ ఆగలేదు. తెర మీద ఆయన గోడ గీకుతూనే ఉన్నాడు. కింద ఆయన వెనక్కి తిరిగాడు. తెర వెలుగు చెవుల మీద పడుతోంది.

"ఒప్పుకోను," అన్నాడు.

కాసేపు హాల్లో ఉలి చప్పుడొకటే వినిపించింది. తర్వాత ఎవరో పోల్చుకున్నారు. ఆయనేరా, ఆయనే అనుకోవడం వరస నుంచి వరసకు పాకింది. నవ్వు మొదలైంది. ఇందాకటి గొంతు మాత్రం వదల్లేదు.

"ఎందుకొప్పుకోవు?"

"బద్దతోనే చేసి ఉంటే ఎక్కేది. టేపుతోనే కొలిచి ఉంటే ఎక్కేది. మధ్యలో టేపు తెచ్చి నా ప్రాణం తీసినవాడు ఇదిగో, నా పక్కనే ఉన్నాడు. వాణ్ణడుగు."

నేను కుర్చీలో కిందికి జారాను. హాలు హాలంతా నవ్వింది. ఒకావిడ మాత్రం నవ్వలేదు. లేచి, అయినా కట్టుకున్నదాన్ని అన్నిగంటలు పైన కూర్చోబెట్టావే, ఆమెకైనా చెప్పావా అని నిలదీసింది. నాన్న అమ్మ వంక చూశాడు.

అమ్మ ఆయన చొక్కా వదిలేసి తనే లేచింది.

"నాకూ ఆయనకూ మధ్య సంగతి బుక్కులోకి ఎక్కేది కాదమ్మా. నువ్వు బొమ్మ చూడు," అంది. ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టింది.

చెల్లెలు మా వంక తిరగలేదు. తెర వంకే చూస్తోంది. దాని చెయ్యి మాత్రం అమ్మ చెయ్యి వెతుక్కుంది.

బయటికొస్తుంటే నోటుబుక్కు ముందు గుంపు ఉంది. సగం మంది నాన్నను తిడుతూ రాశారని టికెట్లావిడ తర్వాత చెప్పింది. ఇంటర్వెల్ మాట మార్చుకోలేదు. సోమవారం పొద్దున మా పోస్టరు మీద ఫైటింగు బొమ్మ పోస్టరు అంటించారు.

ఆ బుధవారం స్టూడియోకు సెలవు పెట్టి చెల్లెలు పక్క పట్నంలో ఇంకో హాలుకు బయలుదేరింది. తోడు వస్తానని నాన్న చెప్పులేసుకున్నాడు. సినిమా పెట్టె మోయడానికి నేను వెళ్లాను. అక్కడి యజమాని బక్కపల్చటి మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. కూర్చోమన్నాడు. కథేంటని అడిగాడు. చెల్లెలు కూర్చోలేదు, కథ చెప్పలేదు.

"ముందే చెబుతున్నానండీ. ఇందులో తండ్రి చివరిదాకా తప్పు ఒప్పుకోడు. మీ జనం అడిగినా, మీరు అడిగినా ఆ ముక్క తీసి అతికించను. ఇష్టమైతే బొమ్మ వేసి చూడండి. లేదంటే ఇప్పుడే చెప్పండి, బస్సు ఇంకా నిలబడే ఉంది."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని దాన్ని చూశాడు. తర్వాత దాని వెనక నిలబడిన నాన్నను చూశాడు. నాన్న గడ్డం పైకెత్తి, గుమ్మం వెడల్పు కంటితో కొలుస్తున్నాడు.