దుప్పటి కింద బాతు

మరదలికి యాభై దాటాక పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు రైలు గార్డు. మనిషి నెమ్మదస్తుడు, మాట ఇస్తే తప్పనివాడు, పైగా ఆమె పెట్టిన టీ ఎంత చల్లారినా మాట్లాడకుండా తాగేవాడు. ఇంతకంటే ఏం కావాలి? అయినా మరదలు ఒక మెలిక పెట్టింది.

"మా వదిన ఒక్క బొమ్మ సొంతంగా గీసి, కోసి, అతికించాలి. ఆ రోజే నేను పెట్టె సర్దేది. అప్పటిదాకా మీ రైలు ఆపుకోండి."

ఆయన ఆపుకున్నాడు.

వదినా మరదళ్లది స్టిక్కర్ల దుకాణం. షాపుల అద్దాల మీదా, వ్యాన్ల మీదా అతికించే పేర్లూ బొమ్మలూ అక్కడ తయారవుతాయి. మరదలు కంప్యూటర్‌లో గీస్తుంది, కటింగ్ మెషిన్ కోస్తుంది. అక్కర్లేని ముక్కలు ఒలిచేసి, మిగిలిన బొమ్మను ఒక్క బుడగ రాకుండా అద్దానికి అంటించేది వదిన. అన్నగారు పోయినప్పటి నుంచీ ఇద్దరికీ ఆ దుకాణమే తిండీ, కబుర్లూ, కొట్లాటా.

ఎవరు "వెళ్లొస్తా" అన్నా వదిన గుమ్మం దాకా వెంట వెళ్లేది. కుళాయి బాగుచేసి వెళ్లే ప్లంబరును కూడా వీధి మలుపు తిరిగేదాకా చూసేది. అలాంటి మనిషి చేతనే మరదలు దగ్గరుండి తన ప్రయాణానికి దారి వేయించుకుంటోంది.

"వెక్టర్ బొమ్మంటే రంగు పులమడం కాదు వదినా. అన్నీ గీతలే. చీమంత గీసినా గోడంత పెంచుకోవచ్చు, అంచు చెదరదు."

"నా బాతు మీద ఉన్న గడ్డలో?"

"అవీ చెదరవు. గోడంత గడ్డలవుతాయి."

బాతు ఎందుకంటే, వీధి చివర కొత్తగా పెట్టిన లాండ్రీ ఆయన తన అద్దాల తలుపు మీద నీళ్లలో ఈదే బాతు కావాలన్నాడు. మెడ వంపు, వీపు వంపు, తోక వంపు తప్ప బాతులో ఏముంది, నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైనది దొరకదని మరదలు ఆ పని వదినకు అప్పగించింది.

సులువే. ఒకచోట చుక్క పెట్టాలి, ఇంకొక చోట చుక్క పెట్టాలి, మధ్యలో గీత దానంతటదే పడుతుంది. చుక్కను పట్టి లాగితే దానికి రెండు పక్కలా రెండు పుల్లలు మొలుస్తాయి. మరదలు వాటికి మీసాలని పేరు పెట్టింది. మీసం ఎటు లాగితే గీత అటు వంగుతుంది.

వదిన మెడ ఒక్కదానికే చుక్కలు పెట్టుకుంటూ పోయింది. చుక్క చుక్కకీ గీత ఉబ్బి, మెడకు చిడుము పుట్టినట్టుంది.

"ఇన్నెందుకు వదినా? వంపు మొదలైన చోట ఒకటి, తిరిగిన చోట ఒకటి. చాలు."

"రెండు పెట్టి ఊరుకుంటే మధ్యలో గీత ఎటైనా పోదూ?"

"పోదు. వదిలి చూడు."

"నీకేం, ఎన్నైనా చెబుతావు."

సాయంత్రం కాగానే గార్డుగారి ఫోను వచ్చేది. "అక్కయ్యగారూ, సిగ్నల్ పడిందా అండీ?"

"లేదు బాబూ. మీసాల దగ్గర ఆగింది."

"పర్వాలేదండీ, పర్వాలేదు," అనేవాడు పాపం. ఆ మంచితనానికి వదినకు ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం మరదలు పెళ్లికి చెప్పులు కొనుక్కోవడానికి బజారుకు వెళ్లింది. పక్కన కూర్చుని నిట్టూర్చే మనిషి లేకపోయేసరికి వదిన చెయ్యి నింపాదిగా కదిలింది. ముక్కు దగ్గర ఒక చుక్క పెట్టింది. మెడ కింద ఇంకొకటి పెట్టి మీసం లాగింది. గీత నీళ్లలా జారి మెడ అయిపోయింది. తోక దగ్గర ఇంకొకటి. అంతే, కళ్ల ముందు బాతు. నున్నగా, గర్వంగా, ఎవరి మాటా లెక్కచేయని బాతు!

"అమ్మ నీ!" అంది వదిన పైకే. కుర్చీలోంచి లేచి ఒకసారి దూరంనుంచి, ఒకసారి దగ్గరనుంచి చూసుకుంది. ఎవరికైనా చూపిద్దామని గుమ్మం దాకా వెళ్లింది.

గుమ్మంలో మరదలు దుకాణంలో వేసుకునే పాత చెప్పులు కనిపించాయి. అప్పుడు తట్టింది. ఇది చూపిస్తే ఆ పాత చెప్పులు కూడా ఇక్కడ ఉండవు.

వదిన వెనక్కి వచ్చి కూర్చుంది. బాతును చెరిపేద్దామనుకుంది గానీ, చిల్లు పడ్డ గొడుగునే పారేయలేని మనిషి, పుట్టి ఇంకా కళ్లు తెరవని బాతునేం చంపుతుంది? దాన్ని ఓ మూలకు జరిపి, పైన తెల్లటి పెట్టె ఒకటి గీసింది. తెల్ల పేజీ మీద తెల్ల పెట్టె. పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు బాతు మాయమైపోయింది. తర్వాత పేజీ మధ్యలో మళ్లీ గడ్డల బాతు గీసింది. వచ్చిన విద్యను రానట్టు చేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వద్దన్నా చెయ్యి నున్నగా తిరుగుతోంది. చెమటలు పట్టాయి.

చివరికి లాండ్రీ ఆయన ఓపిక అయిపోయింది. "ఏమ్మా, బాతు గుడ్లు పెట్టి పొదిగి కూడా ఉంటుందీపాటికి. రేపు షాపు తెరుస్తున్నాను," అని బల్ల ముందు నిలబడ్డాడు.

మరదలు గడ్డల బాతును తేరిపార చూసింది. "స్క్రీన్ మీద నీకు తెలియడంలేదు వదినా. కోసి చూపిస్తాను. గడ్డలు చేత్తో తడిమితే అర్థమవుతుంది."

"వద్దే, స్టిక్కరు దండగ," అంటూనే ఉంది వదిన. మరదలు మీట నొక్కేసింది.

మెషిన్ కత్తి కదిలింది. గడ్డ దగ్గర గుర్రుమంటూ, మళ్లీ కదులుతూ, వానాకాలం రోడ్డు మీద బండిలా ఆ బాతును చుట్టి వచ్చింది. అక్కడితో ఆగాలి. ఆగలేదు. చరచరా మూలకు వెళ్లి చక్కటి చదరం కోసింది.

"ఇదేంటి, ఈ పెట్టెవరిది?" అంది మరదలు.

కత్తి చదరంలోకి దిగింది. ముక్కు, మెడ, వీపు, తోక. ఎక్కడా తడబడలేదు. ఒక్క ఊపిరిలో నున్నటి బాతు కోసి పెట్టి, పనైపోయిందన్నట్టు ఒక పక్కకు వెళ్లి నిలబడింది.

"అదిగో! అదీ బాతంటే!" అన్నాడు లాండ్రీ ఆయన.

మరదలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "వదినా. తెల్లగా కప్పితే మన కంటికి కనపడదు. మెషిన్‌కి రంగు తెలియదు. గీత ఎక్కడుంటే అక్కడ కోస్తుంది."

"ఆ ముక్క ముందు చెప్పొద్దూ!" అంది వదిన కోపంగా.

"ఎప్పుడు గీశావు?"

"నువ్వు చెప్పులకెళ్లిన రోజు."

"అప్పట్నుంచీ నాతో మీసాలు లాగిస్తున్నావా? నేను వెళ్లడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా."

"చెబితే నిజంగా ఆగిపోతావు. అందుకే చెప్పలేదు."

"చెప్పకుండా బాతును అడ్డం పెట్టావు!"

మరదలికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెంటికీ ఒకే కొంగు సరిపెట్టుకుంది. లాండ్రీ ఆయన గోడ మీద ధరల పట్టికను శ్రద్ధగా చదవసాగాడు.

"ఆయనకు వద్దని చెప్పేయనా?" అంది మరదలు. వేళాకోళంగా మొదలైన మాట చివరికి వచ్చేసరికి వేళాకోళంలా లేదు. ఫోను నిజంగానే ఆమె చేతిలో ఉంది.

వదిన ఆ ఫోనునూ, ఆ చేతినీ చూసింది. ఫోను లాక్కుని తనే గార్డుగారికి కలిపింది.

"ఏం బాబూ, నేను అక్కయ్యను. సిగ్నల్ పడింది." ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "వింటున్నారా? చల్లారిన టీ ఇస్తే ఇకమీదట నోరు తెరిచి చెప్పండి. లేకపోతే జన్మంతా అదే తాగిస్తుంది."

నున్నటి బాతును వదినే తీసుకెళ్లి లాండ్రీ తలుపుకు అంటించింది. ఒక్క బుడగ రాలేదు.

గడ్డల బాతును మరదలు చెత్తబుట్టలో వేయబోతే చేయి పట్టుకుని ఆపింది. వెళ్లే రోజున దాన్ని మరదలి పెట్టె మూత మీద అతికించి, అరచేత్తో గట్టిగా రుద్దింది.

"ఇదేం దిష్టిబొమ్మ వదినా!"

"రైల్లో పెట్టెలు మారిపోతాయి. ఇలాంటి బాతు ఇంకెవరి పెట్టె మీదా ఉండదు," అంది వదిన, ఎప్పుడో అంటుకున్న అంచును ఇంకా రుద్దుతూనే.